ఐదో రోజు ఒళ్ళంతా ఎర్రమచ్చలు: మావాడికి పెన్సిలిన్ నిజంగా పడదా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా బాబుకు ఆరేండ్లు, 18 కిలోలు ఉంటాడు. పోయిన నెల జరం, గొంతునొప్పి, దగ్గు వస్తే దగ్గర్లోని క్లినిక్‌లో అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన సిరప్ రాశారు. సీసా మీద 228.5 అని ఉంది. పొద్దున, రాత్రి 5 మి.లీ. పోశాను. రెండో రోజుకే జరం తగ్గింది. ఐదో రోజు పొద్దున వీపు మీద, కడుపు మీద చిన్న చిన్న ఎర్రమచ్చలు లేచినాయి. దురద పెద్దగా లేదు, మొహం వాయలేదు, ఆయాసం రాలేదు. మందు ఆపినాక నాలుగు రోజులకు మాయమైనాయి. ‘వీడికి పెన్సిలిన్ పడదు, ఎప్పటికీ వాడొద్దు’ అని చీటీ మీద ఎర్ర పెన్నుతో రాసిచ్చారు. మా అక్క కొడుక్కేమో గుండె వాల్వు జబ్బుకు 21 రోజులకొకసారి పెన్సిలిన్ సూది వేస్తారు, వాడికి ఏమీ కాదు. ఒకే ఇంటి పిల్లల్లో ఒకరికి పడి ఇంకొకరికి పడకపోవడం ఏంటి? గొంతునొప్పి అంటే ఇప్పుడు మందులంగడిలో అజిత్రోమైసిన్ ఇస్తున్నారు, అది మంచిదేనా? రెండో సీసాలో సగం మందు మిగిలింది, దాచిపెట్టుకోవచ్చా?

సమాధానం: మీరు రాసిన వివరాలను బట్టి మీ బాబుకు పెన్సిలిన్ ఎలర్జీ ఉండే అవకాశం చాలా తక్కువ. అలాగని ఆ మిగిలిన సీసా తీసి ఒక చెంచా పోసి చూడకండి. చూసే పద్ధతి ఒకటుంది, అది ఆసుపత్రిలో జరగాలి. కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను. సీసా మాత్రం ఈరోజే పారేయండి. నీళ్ళు కలిపాక ఆ మందు ఫ్రిజ్‌లో పెట్టినా 7 రోజులే పనిచేస్తుంది. మీరు చెప్పేది పోయిన నెల సంగతి.

ముందు ఈ మందు ఒంట్లో ఏం చేస్తుందో చెప్పాలి. పెన్సిలిన్ బాక్టీరియాను చంపడానికి, కొన్ని బాక్టీరియా దానికి లొంగకుండా పోవడానికి, కొందరికి అది పడకపోవడానికి, మూడింటికీ మూలం ఆ అణువులో ఉన్న ఒకే ఒక్క ముక్క. అది తెలిస్తే మీ ప్రశ్నల్లో సగం విడిపోతాయి.

బాక్టీరియాను సైకిల్ చక్రం అనుకోండి. లోపల ట్యూబులాంటి పల్చటి పొర, బయట టైరులాంటి గట్టి గోడ. లోపలి ఒత్తిడి చాలా ఎక్కువ. టైరు చినిగితే ట్యూబు బయటికి ఉబ్బి పగిలినట్టు, గోడ బలహీనపడితే నీళ్ళు లోపలికి చొరబడి బాక్టీరియా పగిలిపోతుంది. ఆ గోడ నేత నులకమంచం నేత. పొడుగునా చక్కెర గొలుసులు, వాటిని అడ్డంగా బిగించే పొట్టి అమైనో ఆమ్లాల తాళ్ళు. ముళ్ళు వేసే పని కొన్ని ఎంజైములది. ప్రతి తాడు కొసన డి-అలనిన్ అనే అమైనో ఆమ్లం జంటగా ఉంటుంది. ఎంజైము ఆ కొస పట్టుకుని, చివరిదాన్ని తెంపేసి, మిగిలినదాన్ని పక్క తాడుకు ముడేస్తుంది.

పెన్సిలిన్ ఆకారం అచ్చం ఆ కొసలాగే ఉంటుంది. ఎంజైము ఇదే తాడు కొస అనుకుని పట్టుకుంటుంది. పెన్సిలిన్ నడుమ మూడు కర్బన పరమాణువులు, ఒక నత్రజని కలిసిన నాలుగు మూలల వలయం ఉంది. దాన్ని బీటా లాక్టమ్ అంటారు. అంత చిన్న వలయంలో పరమాణువులు ఇమడలేక, బలవంతంగా వంచి కట్టిన వెదురుబద్దలాగా ఎప్పుడెప్పుడు విప్పుకుందామా అన్నట్టు ఉంటాయి. 1945లో డొరతీ హాడ్జ్‌కిన్ ఎక్స్‌రేల సాయంతో ఈ నిర్మాణం తేల్చేదాకా ఇలాంటి వలయం ఉంటుందని పేరున్న రసాయన శాస్త్రవేత్తలే కొందరు ఒప్పుకోలేదు. ఎంజైము పట్టుకోగానే వలయం ఫట్‌మని విచ్చుకుని ఎంజైముకు అతుక్కుపోతుంది. ఇక ఆ చెయ్యి ఇంకో ముడి వేయలేదు.

పెరిగే బాక్టీరియా తన గోడను తానే అక్కడక్కడా తెంపి కొత్త తాళ్ళు చేర్చుకుంటూ ఉంటుంది. పెన్సిలిన్ వచ్చాక తెంపడం ఆగదు, ముడేయడమే ఆగుతుంది. అందుకే పెరుగుతున్న బాక్టీరియానే ఇది బాగా చంపగలదు. మన కణాలకు అసలు గోడే లేదు గనక మనకు దీని విషప్రభావం చాలా తక్కువ. వైరస్‌లకూ గోడ లేదు. జలుబుకు, చాలా గొంతునొప్పులకు ఈ మందు ఎందుకు పనిచేయదో దీన్నిబట్టే అర్థమవుతుంది. ‘పవర్ చాలలేదు, ఇంకా పవర్ ఉన్న మందు రాయండి’ అనడంలో అర్థం లేదు. పగలగొట్టడానికి అక్కడ గోడే లేదు.

ఇంకో సంగతి, డోసుల మధ్య ఎడం. ఈ జాతి మందులు ఒంట్లో ఎంత ఎత్తుకు చేరాయన్నదానికంటే, బాక్టీరియాను ఆపగలిగే మట్టానికి పైన ఎన్ని గంటలు ఉన్నాయన్నదే ముఖ్యం. అమాక్సిసిలిన్ రక్తంలో గంటకు కాస్త అటూ ఇటూగా సగానికి పడిపోతుంది, మూత్రంలో బయటికి పోతుంది. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పోలీసుకు మొదటిసారి పెన్సిలిన్ ఇచ్చినప్పుడు మందు చాలక, అతని మూత్రంలోంచే దాన్ని తిరిగి తీసి ఎక్కించారు. అయినా అది అయిపోయి, కోలుకుంటున్న మనిషి చనిపోయాడు. పొద్దున మరిచిపోయి రాత్రి రెండు డోసులు కలిపి పోస్తే లాభం లేనిది అందుకే. గుర్తొచ్చినప్పుడు ఒక డోసు పోసి, తర్వాతవి చీటీ ప్రకారం నడపాలి.

ఇక లొంగకపోవడం సంగతి. ‘మా ఒంటికి ఆ మందు అలవాటైపోయింది’ అని చాలామంది అంటారు. మన ఒంటికి ఏదీ అలవాటు కాదు, మొండికేసేది బాక్టీరియా. అది కూడా కొత్త ముచ్చట కాదు. పెన్సిలిన్‌ను కనిపెట్టిన ఫ్లెమింగ్ 1928లో బూజు చుట్టూ బాక్టీరియా చావడం చూశాడు. 1940లో, అంటే ఆ పోలీసుకు మందు ఎక్కించడానికి ముందే, అబ్రహాం, చెయిన్ అనే ఇద్దరు పెన్సిలిన్‌ను పాడుచేసే ఎంజైమును ఒక బాక్టీరియాలో కనిపెట్టారు. ఆ ఎంజైము చేసేది ఒకటే పని: నాలుగు మూలల వలయాన్ని ముందే తెంపేయడం. వంచి కట్టిన బద్దను ఎవరో దారిలోనే విప్పేస్తే, గోడ దగ్గరికి చేరేది ఉత్త కర్రపుల్ల.

దానికి విరుగుడుగా మనవాళ్ళు వలయానికి తగిలి ఉండే పక్క ముక్కను, అంటే దాని తోకను, మార్చి మెథిసిలిన్ చేశారు, ఆ ఎంజైముకు అందకుండా. అది 1960 ప్రాంతంలో వాడకంలోకి వచ్చింది. 1961కే ఇంగ్లండులో దానికీ లొంగని స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా కనబడింది. ఈసారి బాక్టీరియా మందును తెంపలేదు, ముడివేసే ఎంజైమునే మార్చుకుంది, పెన్సిలిన్ దానికి సరిగా అతకదు. ఇంకొన్ని బాక్టీరియా మందు లోపలికొచ్చే రంధ్రాలను మూసుకుంటాయి, వచ్చినదాన్ని తోడిపోస్తాయి. మీ సిరప్‌లో ఉన్న క్లావులానిక్ ఆమ్లం మొదటి రకం దొంగకు వేసే ఎర. దానిలోనూ అదే వలయం ఉంది. తెంపే ఎంజైము దాన్ని పట్టుకుని ఇరుక్కుపోతే, పక్కనుంచి అమాక్సిసిలిన్ దాటిపోతుంది. రెండో రకం మొండితనం మీద ఆ ఎర పనిచేయదు. ఇంకా పెద్ద తలనొప్పి, ఈ ఎంజైముల జన్యువులు ఒక బాక్టీరియా నుంచి వేరే జాతి బాక్టీరియాకు చేబదులు పోతాయి. 2008లో ఢిల్లీ ఆసుపత్రిలో ఉండి స్వీడన్ వెళ్ళిన ఒక రోగిలో బయటపడిన ఎన్‌డీఎం అనే ఎంజైము, చివరి అస్త్రాలనుకున్న యాంటీబయాటిక్‌లైన కార్బపెనెమ్‌ల వలయాన్ని కూడా తెంపేస్తుంది.

ఇందులో మీకు సంబంధించిన ముఖ్యమైన మినహాయింపు ఒకటి ఉంది. పిల్లల గొంతులో చీము పట్టించే, తర్వాత గుండె వాల్వులకు ఎసరు పెట్టే గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ ఉందే, అది 80 ఏళ్ళుగా పెన్సిలిన్ తింటున్నా దానికి ఎదురు తిరగడం నేర్చుకోలేదు. తెంపే ఎంజైము కూడా దానికి లేదు. కాబట్టి ఆ గొంతు జబ్బుకు ఒట్టి అమాక్సిసిలిన్ చాలు, క్లావులానిక్ ఆమ్లం అక్కర్లేదు. ఆ రెండో మందు కలిస్తే ఎక్కువయ్యేది విరేచనాలే. కానీ అజిత్రోమైసిన్‌కు లొంగని స్ట్రెప్టోకాకస్ చాలా దేశాల్లో ఉంది. రోజుకొకటి, మూడు రోజులు, చవక, తేలిక అని అంగడిలో ఇచ్చేస్తారు గానీ, అది పెన్సిలిన్ నిజంగా పడనివాళ్ళకు దాచుకోవాల్సిన మందు. మన ఊళ్ళలో టైఫాయిడ్ ఇంకా పోలేదు. నోటితో వేసే మందుల్లో దానికి మిగిలిన కొద్దిపాటి ఆధారంలో అజిత్రోమైసిన్ ఒకటి. 2016 నుంచి పాకిస్తాన్‌లో వచ్చిన టైఫాయిడ్ సూదిగా వేసే సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగలేదు, అక్కడ నోటి మందుగా ఇదే నిలబడింది. దాన్ని ప్రతి పడిశానికీ వాడేస్తే రేపు నిజంగా టైఫాయిడ్ వచ్చినప్పుడు ఏం వాడాలి? అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉన్న ఏ మందునూ చీటీ లేకుండా అమ్మకూడదు, మీరు అడగనూ కూడదు.

ఇప్పుడు మీ బాబు మచ్చల దగ్గరికి.

పెన్సిలిన్ అణువు చాలా చిన్నది. అంత చిన్నదాన్ని మన రోగనిరోధక వ్యవస్థ మామూలుగా గుర్తుపట్టదు. కానీ ఆ వలయం బాక్టీరియా ఎంజైముకు అతుక్కున్నట్టే, మన రక్తంలోని ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లకూ కాస్త కాస్త అతుక్కుంటుంది. అప్పుడది పెద్ద వింత వస్తువుగా కనబడి, కొందరిలో ఐజీఈ అనే ప్రతిదేహాలు (యాంటీబాడీలు) తయారవుతాయి. ఇవి తయారైనవాళ్ళకు తర్వాతిసారి మందు పడగానే, చాలావరకు గంటలోపే, కథ మొదలవుతుంది: చర్మం మీద ఉబ్బెత్తు దద్దుర్లు, విపరీతమైన దురద, ఒక చోట తగ్గి ఇంకో చోట లేవడం, పెదాలు కళ్ళు వాయడం, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, వాంతులు, బీపీ పడిపోవడం. అసలైన ప్రమాదం ఇదే.

మీ బాబుకు వచ్చినవి ఇవి కావు. ఐదో రోజు, తట్టు పోసినట్టు చదునైన చిన్న మచ్చలు, పెద్దగా దురద లేదు, ఉన్నచోటే నాలుగు రోజులు ఉండి పోయాయి. అమాక్సిసిలిన్ వాడే పిల్లల్లో 100కి 5 నుంచి 10 మందిలో ఇలాంటివి వస్తాయి. చాలాసార్లు కారణం మందు కాదు, ఏ వైరస్ వల్ల జ్వరం వచ్చిందో ఆ వైరసే. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ ఉన్నప్పుడు అమాక్సిసిలిన్ వేస్తే మచ్చలు మరీ ఎక్కువగా వస్తాయి, తర్వాత అదే పిల్లలు అదే మందును ఏ ఇబ్బందీ లేకుండా వాడగలరు. మీ వాడికి దగ్గు కూడా ఉందన్నారు. దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురుపోవడం ఉంటే వైరస్ వైపే చూడాలి. స్ట్రెప్టోకాకస్ అయితే సాధారణంగా దగ్గు ఉండదు. జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, మెడ ముందువైపు నొక్కితే నొప్పిగా బిళ్ళలు ఉంటాయి. పిల్లల గొంతునొప్పుల్లో ఇవి 100కి 20 నుంచి 30 దాకా మాత్రమే. కాబట్టి అసలు ఆ సిరప్ అవసరమే లేకపోయి ఉండొచ్చు. అవసరం లేని మందుకు పుట్టిన మచ్చ జీవితాంతం పేరు మోయాల్సి రావడం నాకు మరీ అన్యాయంగా అనిపిస్తుంది.

ఎలర్జీ పేరుతో చీటీలున్న పెద్దల్లోనూ ఇదే సంగతి. అమెరికాలో దాదాపు 10 మందిలో ఒకరి కేసు షీటులో పెన్సిలిన్ ఎలర్జీ అని ఉంటుంది. సరిగ్గా పరీక్షిస్తే వాళ్ళలో 100కి 90 మందికి పైగా ఆ మందు హాయిగా పడుతుంది. విరేచనాలయ్యాయని, కడుపులో తిప్పిందని, మా నాన్నకు పడదు కాబట్టి నాకూ పడదని కూడా రాయించుకుంటారు. అవేవీ ఎలర్జీ కావు. నిజంగా ఐజీఈ ఎలర్జీ ఉన్నవాళ్ళలో కూడా పదేళ్ళు పెన్సిలిన్ ముట్టకపోతే 10 మందిలో 8 మందికి అది మాసిపోతుంది. ఒకే ఇంటి పిల్లల్లో ఒకరికి పడి ఒకరికి పడకపోవడంలోనూ వింత లేదు. ప్రతిదేహాలు ఎవరి ఒంట్లో వాళ్ళవి.

ఒక రకం మాత్రం వేరే కట్టలో పెట్టాలి. మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకో వారాలకో నోట్లో, కళ్ళల్లో, మూత్రం వచ్చే చోట పుండ్లు, చర్మం బొబ్బలెక్కి ఊడిరావడం, లేదా మొహం వాచి జ్వరంతో పాటు కాలేయం దెబ్బతినడం. ఇలాంటివి జరిగినవాళ్ళకు ఆ మందు మళ్ళీ ఇవ్వరు, పరీక్ష కోసం కూడా ఇవ్వరు. మీ బాబుకు ఇవేవీ లేవని మీ ఉత్తరమే చెబుతోంది, అయినా డాక్టరు అడుగుతారు, గుర్తుపెట్టుకోండి.

ఆ ఎర్ర అక్షరాలను కొట్టేయించడం ఎలా? ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: మందు పేరు, బలం, ఎన్నో డోసు తర్వాత మచ్చలు వచ్చాయి, ఆఖరి డోసుకు ఎన్ని గంటల తర్వాత, ఎలా ఉన్నాయి, ఫోనులో ఫొటో ఉంటే మరీ మంచిది, తగ్గడానికి ఏమైనా వేశారా, అప్పుడు పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి ఇంకేమైనా పోశారా. ఐబుప్రొఫెన్ వల్ల కూడా దద్దుర్లు వస్తాయి, నింద మాత్రం పక్కనున్న యాంటీబయాటిక్ మీద పడుతుంది. ఆ కాగితం తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కడప రిమ్స్‌లోనో, కర్నూలు పెద్దాసుపత్రిలోనో పిల్లల విభాగంలో అడగొచ్చు. ఆక్సిజన్, ప్రమాదకరమైన ఎలర్జీకి వేసే అడ్రినలిన్ సూది చేతికందే దూరంలో ఉండి, పిల్లల్ని కాచుకునే మనుషులున్న చోటే ఇది జరగాలి.

మీ బాబులాంటి తక్కువ ప్రమాదం ఉన్న పిల్లలకు సూదులు, చర్మ పరీక్షలు అక్కర్లేదు. నోటితోనే అమాక్సిసిలిన్ ఇచ్చి చూస్తారు. కొందరు మొదట డోసులో పదో వంతు పోసి, అరగంట ఆగి, మిగిలింది పోస్తారు. కొందరు ఒకేసారి ఇస్తారు. తర్వాత గంట, రెండు గంటలు ఆసుపత్రిలోనే కూర్చోబెడతారు. ఏమీ కాకపోతే ఇంటికి పంపి, ఆ వారం మచ్చలేమైనా వస్తాయేమో చూడమంటారు. వెళ్ళేముందు బాబు జలుబు, జ్వరం లేకుండా ఉండాలి, ఇప్పటి మచ్చలు పోయి కనీసం ఓ నెల గడవాలి. వారం ముందు నుంచి సెటిరిజిన్ లాంటి దురద మందులు పోయకూడదు, అవి రావాల్సిన దద్దుర్లను దాచేస్తాయి. పరీక్షలో నెగ్గితే ‘అమాక్సిసిలిన్ ఇచ్చి చూశాం, పడింది’ అని తేదీతో రాయించుకోండి. పాత ఎర్ర చీటీని ఫైలులోంచి తీసేయండి. అది ఉంటే పరీక్ష జరిగినా మళ్ళీ ఎవరో ఒకరు దాన్నే చూస్తారు.

ఈలోగా యాంటీబయాటిక్ అవసరమైతే? సెఫలోస్పోరిన్‌లు అనే ఇంకో రకం యాంటీబయాటిక్‌లలోనూ నాలుగు మూలల వలయం ఉంది, అందుకని పెన్సిలిన్ పడనివాళ్ళలో 100కి 10 మందికి అవీ పడవని ఒకప్పుడు పుస్తకాల్లో ఉండేది. ఇప్పుడు అది 2 దరిదాపుల్లోనే అని తేలింది. ప్రొటీన్లకు అతికేది వలయమే అయినా, ఒక మందు ఎలర్జీ ఇంకో మందుకూ పాకేలా చేసేది ఎక్కువగా వలయం కాదు, దానికి తగిలించిన తోక. అమాక్సిసిలిన్ తోక, సెఫడ్రాక్సిల్ తోక ఒకటే. ఆంపిసిలిన్‌ది, సెఫలెక్సిన్‌ది ఒకటే. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ తోకలు వేరు. మీ డాక్టరుకు ఇది తెలిసే ఉంటుంది, అయినా ‘గతంలో అమాక్సిసిలిన్‌కు మచ్చలు వచ్చాయి’ అని మీరే నోరు తెరిచి చెప్పండి. ‘పెన్సిలిన్ పడదు’ అని మాత్రం చెప్పకండి. ఏం జరిగిందో అది చెప్పండి. ఈ రెండు మాటలకూ డాక్టరు రాసే మందు మారిపోతుంది.

హెల్త్ సెంటర్లలో ముంజేతి మీద చిన్న సూది వేసి ‘టెస్ట్ డోసు’ చూస్తారు కదా, అదెందుకు చాలదంటారేమో. సరిగ్గా పలచన చేయని మందు చర్మం కింద వేస్తే ఎవరికైనా మంట పుట్టి ఎర్రబడుతుంది, దాన్ని ఎలర్జీ అని రాసేస్తారు. ఏమీ కాకపోతే భద్రం అనీ గ్యారంటీ లేదు. నిజంగా ఐజీఈ ఉన్న మనిషికి ఆ చుక్కే ప్రాణం మీదికి తేవచ్చు. టెస్ట్ డోసు వేశాం కదా అని అడ్రినలిన్ లేకుండా సూది వేయడమే అసలు తప్పు.

మీ అక్క కొడుకు సంగతి ఇందుకు సంబంధించిందే. అతనికి వేసేది బెంజథైన్ పెన్సిలిన్, 27 కిలోలు దాటితే 12 లక్షల యూనిట్లు, అంతకు తక్కువైతే 6 లక్షలు. ఇది కండలో గడ్డలా ఉండిపోయి మూడు, నాలుగు వారాలు కొద్దికొద్దిగా కరుగుతుంది, అందుకే 21 రోజుల లెక్క. గొంతులో స్ట్రెప్టోకాకస్ మళ్ళీ వస్తే వాల్వు ఇంకా పాడవుతుంది కాబట్టి ఒక్క సూది కూడా తప్పించకూడదు. మందు చిక్కగా ఉండి సన్నసూదిలో ఇరుక్కుంటుంది. 21 నంబరు సూదితో, పిరుదు కండలో లోతుగా, రెండు మూడు నిమిషాలు తీసుకుని మెల్లగా వేయాలి. ఖాళీ కడుపుతో పోకూడదు, నీళ్ళు తాగి వెళ్ళాలి, పడుకోబెట్టి వేయించాలి, వేశాక అరగంట అక్కడే ఉండాలి. వాల్వు బాగా మూసుకుపోయినవాళ్ళు, గుండె బలహీనమైనవాళ్ళు సూది వేసిన వెంటనే కుప్పకూలిన సందర్భాలున్నాయి. వాటిలో చాలావరకు ఎలర్జీ కాదని, నొప్పికి భయానికి బీపీ పడిపోయి బలహీనమైన గుండె తట్టుకోలేక జరిగినవని ఇప్పుడు అనుకుంటున్నారు. అలాంటివాళ్ళకు నోటి పెన్సిలిన్ మేలు. మీ అక్క కొడుకు వాల్వు ఏ స్థితిలో ఉందో గుండె డాక్టరును ఒకసారి అడగమనండి.

మీ బాబు చీటీ మాఫీ చేయించమని నేను ఇంతగా చెప్పడానికి కారణమూ ఇదే. రేపు వాడికే స్ట్రెప్టోకాకస్ గొంతు జబ్బు వస్తే, జబ్బు మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ జాతి మందు మొదలుపెడితే, గుండె వాల్వులను పాడుచేసే కీళ్ళవాతజ్వరం రాకుండా ఆపొచ్చు. దురదృష్టం కొద్దీ గుండెకు సోకితే ఏళ్ళ తరబడి వేయాల్సింది ఈ సూదే. అప్పుడు ఎర్ర అక్షరాలు అడ్డం నిలబడతాయి.

అలాంటి గొంతు జబ్బుకు మోతాదు ఎంతో కూడా చెప్తాను, మీ సీసా లెక్క చూసుకోవడానికి. రోజుకు కిలోకు 50 మి.గ్రా. అమాక్సిసిలిన్, 1000 మి.గ్రా. మించకుండా, 10 రోజులు. 18 కిలోల పిల్లాడికి రోజుకు 900. మీ సీసా మీది 228.5లో అమాక్సిసిలిన్ 200, మిగతా 28.5 క్లావులానిక్ ఆమ్లం. అంటే మీరు పోసింది రోజుకు 400, కిలోకు 22. నిజంగా స్ట్రెప్టోకాకస్ అయ్యుంటే సగానికి తక్కువ. ఈ సిరప్‌లు మన దగ్గర ఎక్కువగా 30 మి.లీ. సీసాల్లో వస్తాయి, సరైన డోసు పోస్తే ఒకటిన్నర రోజు నిండకముందే సీసా ఖాళీ. చాలామంది సీసా అయిపోతే కోర్సు అయిపోయిందనుకుంటారు. చీటీలో ఎన్ని రోజులో చూసి, ఎన్ని సీసాలు కావాలో ముందే లెక్కేయించండి. అన్నీ ఒకేసారి కలపకండి, అవసరమైనప్పుడు ఒక్కొక్కటి కలపండి.

కలపడానికి: సీసాను తట్టి అడుగున గడ్డకట్టిన పొడి వదులయ్యేలా చేయండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్ళు గీతకు కాస్త కిందిదాకా పోసి, మూతబెట్టి గట్టిగా ఊపండి. నురగ తగ్గాక నీళ్ళు తగ్గినట్టు కనబడుతుంది, అప్పుడు సరిగ్గా గీతదాకా పోసి మళ్ళీ ఊపండి. పోసే ప్రతిసారీ ఊపాలి. వంటింటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో కొలత, సీసాతో వచ్చిన మూతో సిరంజో వాడండి. క్లావులానిక్ ఆమ్లానికి వేడీ తేమా పడవు. మన ఎండాకాలం 42 డిగ్రీలకు, కరెంటు పోయే వేళల్లో, అలమరలో పెట్టిన సీసాకు ఆయుష్షు ఎక్కువ ఉండదు. ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి, గడ్డకట్టే అరలో మాత్రం వద్దు. ఫ్రిజ్ లేకపోతే డాక్టరుకు ఆ మాట చెప్పండి, నీళ్ళలో కరిగే మాత్రలు రాస్తారు.

‘కోర్సు మధ్యలో ఆపితే బాక్టీరియా మొండికేస్తుంది’ అన్నది అన్ని జబ్బులకూ ఒకేలా వర్తించదు. మందు వేసిన ప్రతి రోజూ పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చి, లొంగనివి మిగిలే అవకాశం పెరుగుతుంది. పిల్లల మామూలు న్యుమోనియాకు చాలాసార్లు 5 రోజులు చాలు. గొంతు స్ట్రెప్టోకాకస్‌కు 10 రోజులు అడగడం గుండె కోసం. జ్వరం తగ్గిందని మీ అంతట మీరు ఆపకండి, జబ్బు స్ట్రెప్టోకాకస్ కాదని తేలితే ఆపేయమని డాక్టరు చెప్తే భయపడకండి.

ఒకవేళ ఎవరికైనా ఏ మందుకైనా నిజమైన ఎలర్జీ గంటలోపు మొదలైతే: మందు ఆపండి, 108కి ఫోను చేయండి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తున పెట్టండి. ఊపిరాడక కూర్చుంటానంటే కూర్చోనివ్వండి, కానీ లేపి నిలబెట్టకండి, నడిపించకండి. నిలబడ్డ క్షణంలో గుండె ఆగినవాళ్ళున్నారు. ప్రాణం కాపాడేది అడ్రినలిన్. మి.లీ.కి 1 మి.గ్రా. ఉన్న ఆంప్యూలు నుంచి కిలోకు 0.01 మి.లీ., తొడ బయటివైపు మధ్య కండలో. మీ బాబంత పిల్లాడికి 0.18 మి.లీ., పెద్దవాళ్ళకు 0.5 మి.లీ. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్ళీ. మన ఊళ్ళలో ముందుగా ఎవిల్, డెక్సా సూదులు వేసి ‘చూద్దాం’ అంటారు. అవి దురద తగ్గిస్తాయి, మూసుకుపోతున్న గొంతునూ పడిపోతున్న బీపీనీ ఆపలేవు. మీరు సూది వేయించుకునే చోట అడ్రినలిన్ ఉందా అని ముందే అడగండి. ‘లేదు’ అంటే, ఆ సూది ఇంకోచోట వేయించుకోండి.